పూల చాయ్

రామచంద్రానికి ఇంట్లో తనకంటూ ఒక చాయ్ ఉంది. అందులో పాలుండవు, చాపత్తా ఉండదు. ఎండిన సీమచామంతి పూలు, నాలుగు తులసాకులు, కాసిని సోంపు గింజలు, చిన్న నిమ్మగడ్డి పోచ, అంతే. కోడలు రోహిణి దాన్ని చామంతి టీ అంటుంది. భార్య అరుణమ్మ పూల చాయ్ అంటుంది. మనసు నెమ్మదిస్తుందని, ఒళ్లు తేలికపడుతుందని చెప్పి రోహిణి కాపురానికొచ్చిన కొత్తలో మొదలుపెట్టింది. గాజు కప్పులో, నిమ్మచెక్క పిండి, కాస్త తేనె కలిపి, సాసర్‌లో పెట్టి తెచ్చిస్తుంది. ఇంట్లో మిగతావాళ్లంతా స్టీలు గ్లాసుల్లో మామూలు చాయే తాగుతారు. గాజు కప్పు ఆయనొక్కడిదే.

ఈ సంగతి ఆయన తెలిసినవాళ్లందరికీ చెప్పుకున్నాడు. మన్సూరాబాద్‌లో పొలాలు ప్లాట్లయిన రోజుల నుంచీ స్థలాలు కొనడం, అమ్మడం ఆయన పని. హద్దురాళ్ల దగ్గర ఎవరి గొంతు పెద్దదైతే మాట వారిదే. ఆ గొంతును ఆయన ఎన్నడూ లోపమనుకోలేదు. ఒకరికి ఎత్తు ఉంటుంది, ఒకరికి రంగు ఉంటుంది, తనకు గొంతు ఉంది. అయితే ఈ మధ్య కోపం తగ్గిందని ఆయనే గమనించాడు. పొద్దున నడకకు వెళ్లే పార్కులో అంతయ్యతో అదే అన్నాడు.

"నాకు కోపమే పోయిందిరా అంతయ్యా. మా కోడలు ఏం కలుపుతదో ఏమో, గా చాయ్ తాగితే చాలు, ఎసువంటి మాటైనా సల్లగ ఇంటున్న."

"మందు పెట్టింది బిడ్డా నీకు," అన్నాడు అంతయ్య. "ఆమె ఆంధ్రామెనాయె. పో, కక్కిచ్చుకో పో. నాగోల్ దిక్కు మందు కక్కిచ్చెటోడు ఒకడున్నడు."

"నీ కోడలు నీకు మంచినీళ్లన్న ఇస్తదారా?"

రామచంద్రం అంతయ్యను అప్పటికప్పుడు ఇంటికి తీసుకొచ్చి, సోఫాలో కూర్చోబెట్టి, "రోహిణీ, రెండు పూల చాయ్," అని కేక వేశాడు. వంటింటి గుమ్మంలోకి వచ్చిన రోహిణి ఆయన ముఖం చూసింది, అత్త ముఖం చూసింది, వెనక్కి వెళ్లింది. చాయ్ వచ్చింది. అంతయ్య ఒక గుక్క తాగి, "గడ్డి నానవెట్టిన నీళ్ల లెక్కుంది," అన్నాడు. రామచంద్రం పగలబడి నవ్వాడు. అత్తాకోడళ్లు ఇద్దరూ గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నారు, ఇంకేదో చెయ్యవలసింది ఉండి అదేమిటో తోచనట్టు. అతిథి ముందు బెరుకు కాబోలనుకున్నాడు ఆయన.

ఇప్పుడు రోహిణి ఇంట్లో లేదు. అమ్మకు ఒంట్లో బాగుండలేదని దిల్‌సుఖ్‌నగర్ వెళ్లింది. కొడుకు నవీన్ ఆఫీసు నుంచి నేరుగా అటే పోతున్నాడు. మధ్యమధ్య వచ్చి బట్టలు సర్దుకుని వెళ్తున్నాడు. అరుణమ్మ సరిగ్గా నిద్రపోవడం లేదు. మధ్యాహ్నం భోజనమయ్యాక మంచం మీద వాలుతుంది గాని, కళ్లు తెరుచుకునే ఉంటాయి. ఫోను మోగితే బాల్కనీలోకి వెళ్లి మాట్లాడుతుంది.

ఆ మధ్యాహ్నం ఆయన ఆమెను తలుపు సందులోంచి చూశాడు. ఫ్యాను వైపు చూస్తూ పడుకుని ఉంది. కాళ్ల నొప్పులేమో, లేక కోడలు లేని ఇల్లు బోసిపోయిందేమో. ఆయనకు ఉన్నట్టుండి ఒక ఆలోచన వచ్చింది. ముప్పై ఏళ్లు దాటిన కాపురంలో ఆమెకు తాను ఏదీ కాచి ఇవ్వలేదు. ఆ ఆలోచనకే ఛాతీలో ఒక వెచ్చదనం పుట్టింది. మంచి పని ఇంకా చెయ్యకముందే, దాన్ని చేసిన మనిషిగా తనను తాను చూసుకోవడంలో ఒక సుఖం ఉంటుంది. ఆ సుఖంతోనే ఆయన చప్పుడు కాకుండా వంటింట్లోకి నడిచాడు.

సీసా దొరికింది. పూలు చిన్నచిన్నవి, నడుమ పసుపు గుండీలు, చుట్టూ ముడుచుకుపోయిన తెల్ల రేకులు. గిన్నెలో నీళ్లు పోసి, పిడికెడు పూలు వేసి, చాయ్ మరిగించినట్టే తెర్లించాడు. ముదురు రంగు వచ్చింది. పాలు వద్దని తెలుసు గాని, ఆ రంగు చూశాక చెయ్యి తనంతట తానే పాలగిన్నె వైపు పోయింది. పాలు పోశాక రోహిణి నిమ్మచెక్క పిండుతుందని గుర్తొచ్చింది. పిండాడు. గిన్నెలో అంతా విరిగి, తెల్లటి ముద్దల మధ్య పూలు తేలాయి.

ఆయన గబగబా దాన్ని సింకులో పారబోసి, జాలీలో ఇరుక్కున్న పూలను వేళ్లతో ఏరి, కాగితంలో చుట్టి చెత్తబుట్ట అడుగున దాచాడు. సొంత వంటింట్లో, దొంగలా. ఎవరూ చూడలేదు గాని చెవులు వేడెక్కాయి.

రెండోసారి పొయ్యి వెలిగించబోతూ ఆగాడు. రోహిణి ఎలా చేస్తుంది? ఆయన ఎన్నడూ చూడలేదు. కాని వినలేదని అనలేం. హాల్లో సోఫాలో పేపరు పట్టుకుని కూర్చుంటే వంటింటి చప్పుళ్లన్నీ వినపడతాయి. కళ్లు మూసుకుని ఆ చప్పుళ్లను వరసగా తెచ్చుకున్నాడు. ముందు నీళ్లు మరిగే చప్పుడు. తర్వాత పొయ్యి కట్టేసిన టిక్కుమనే చప్పుడు. ఆ తర్వాత సీసా మూత. అంటే పొయ్యి కట్టేశాకే పూలు వేస్తుంది. తర్వాత గిన్నె మీద పళ్లెం మూత పెట్టిన చప్పుడు. ఆపైన కాసేపు ఏ చప్పుడూ ఉండదు. ఆ కాసేపట్లో అత్తాకోడళ్లు లోగొంతుతో మాట్లాడుకునేవారు. ఒక్కోసారి నవీన్ గొంతు కూడా కలిసేది. చివరికి జల్లెడను కప్పు అంచుకు తట్టిన చప్పుడు.

అలాగే చేశాడు. నీళ్లు మరిగాక కట్టేసి, పూలు, తులసాకు, సోంపు, నిమ్మగడ్డి వేసి మూత పెట్టాడు. ఆగాడు. మూత తీస్తే ఆవిరితో పాటు ఆ వాసన వచ్చింది, ఎండుగడ్డి, తేనె, ఎక్కడో దూరంగా ఆపిల్ పండు. కప్పులోకి వడపోస్తే లేత బంగారు రంగు. ఆయనకు నవ్వొచ్చింది. సాధించాడు.

"అరుణా, లేవ్. సూడు నీకోసం ఏం తెచ్చిన్నో."

అరుణమ్మ ఇటు తిరిగింది. ముందు వాసన తగిలినట్టుంది, తర్వాత కప్పును చూసింది. చూసి, లేచి కూర్చుంది. కొంగు భుజం మీదికి లాక్కుంది.

"ఎవలకేమైంది?"

"ఎవలకేం గాలే. తాగు."

"నవీన్‌కా?" ఆమె ఆయన మణికట్టు పట్టుకుంది. చాయ్ తొణికి సాసర్‌లో పడింది. "బండి మీద పోయిండా? రోహిణికేమన్న అయిందా? దవాఖానల ఉందా? చెప్పయ్యా. నేను తట్టుకుంట. గీ చాయ్ వద్దు నాకు, ముందుగాల సంగతి చెప్పు."

"ఏం సంగతే? పిచ్చి లేసిందా? నిద్ర వడ్తలేదని చాయ్ తెచ్చిన. చాయ్‌కు, ఎవలకేమన్న అవుడుకు ఏం సంబంధం?"

అరుణమ్మ ఆయన ముఖాన్ని వెతికింది. అక్కడ నిజంగానే ఏమీ లేదని తెలిశాక, ఊపిరి వదిలి, మణికట్టు వదిలింది. తర్వాత ఆమె చేసిన పని చాలా చిన్నది. నోరు గట్టిగా మూసుకుంది. బయట పడకూడనిది పడిపోయాక మనిషి ఎలా మూసుకుంటాడో అలా.

ఆయన కప్పు పట్టుకుని నిలబడే ఉన్నాడు. ఏం సంబంధం అని అడిగింది తానే, కాని జవాబు ఎవరూ చెప్పనక్కర్లేదు. అది ఆయన లోపలే, అడుగు నుంచి ఒక్కొక్కటిగా పైకి తేలసాగింది. నవీన్ బ్యాంకు ఉద్యోగం మానేసి వేరే కంపెనీలో చేరిన సంగతి చెప్పిన రోజు, ముందుగా ఈ చాయ్ వచ్చింది. మీర్‌పేట్ ప్లాటు ప్రహరీ పక్కవాడు పడగొట్టిన రోజూ వచ్చింది. కారుకు గీత పడ్డ రోజు, తన చెల్లెలు పండక్కి రానంటూ ఫోను చేసిన రోజు, అరుణమ్మ తన గొలుసు పోగొట్టుకున్న రోజు. ప్రతిసారీ కప్పు సగమయ్యాక ఎవరో ఒకరు వచ్చి ఎదురుగా కూర్చునేవారు. ప్రతిసారీ తాను నెమ్మదిగా విన్నాడు. విని, తన నెమ్మదికి తానే మురిసిపోయాడు.

మూత పెట్టాక వచ్చే ఆ నిశ్శబ్దంలో వాళ్లు మాట్లాడుకున్నది దేని గురించో కూడా ఇప్పుడు తెలిసింది. ఎవరు చెప్పాలి, ఎలా మొదలుపెట్టాలి, ఆయన లేస్తే ఎవరు ముందుకు రావాలి. అంతయ్య వచ్చిన రోజు వాళ్లు గుమ్మంలో ఎందుకు అలా నిలబడ్డారో కూడా తెలిసింది. చెప్పవలసిన చెడ్డ మాట ఏదీ లేకుండా ఆ చాయ్ కాయడం వాళ్లకు అదే మొదటిసారి.

పూలలో ఏమన్నా ఉందో లేదో ఆయనకు తెలియదు. తనను చల్లబరిచింది మాత్రం పూలు కావు. ఇంతమందిలో తనొక్కడి కోసం ఒక గాజు కప్పు వచ్చిందన్న నమ్మకం. ఆ నమ్మకమే వాళ్లు వాడుకున్న మందు. కాదు, ఆ మాట తప్పు. వాళ్లు మోసమేం చెయ్యలేదు. కరిచే జంతువు దగ్గరికి వెళ్లేముందు మనిషి చేతిలో ఏదో ఒకటి పట్టుకుంటాడు, అంతే. తాను పార్కులో కూర్చుని గొప్పగా చెప్పుకున్నది దాని గురించే.

"ఇప్పుడు ఏం దాస్తున్నరు నా దగ్గర?" అన్నాడు.

"ఏం లే."

"అరుణా."

"రోహిణే ఒచ్చి చెప్తనన్నది. నాకు చెప్పొస్తదా గిసువంటియి..."

"ఎప్పుడొస్తది?"

ఆమె కప్పు వైపు చూసింది. ఆయనకు అప్పుడు తట్టింది. చెప్పలేక కాదు, చాయ్ కాచే మనిషి లేక ఆ మాట ఇన్ని రోజులు ఇంట్లోనే ఇరుక్కుపోయింది.

"మూడో నెల," అంది అరుణమ్మ చివరికి.

ఆయనకు సంతోషం కలిగింది. నిజంగానే కలిగింది. కాని దాని వెనకే ఇంకొకటి నడిచి వచ్చింది. "ఎవలెవలకు ఎర్క?"

"అందరికీ... పనికొచ్చే సైదమ్మకు గూడ ఎర్కనే. వాంతులప్పుడు ఆమెనే పట్టుకున్నది."

"మంచి ముచ్చటనే గద. గిది గూడ నాకు చాయ్ పోసి చెప్పాల్నా?"

"ఇది చెప్తే ఇంకోటి గూడ చెప్పాలె గద." అరుణమ్మ మాటలు వేగంగా, ఒకదానిమీదొకటి పడ్డాయి. "ఆడ్నే ఉంటరంట. దిల్‌సుఖ్‌నగర్‌ల కిరాయికి ఇల్లు సూస్కున్నరు. పిల్లగాన్ని ఆడ్నే పెంచుకుంటరంట. నేనేమన్లే. ఏమనాలె నేను?"

ఇంత చెప్పి, ఆమె ఆయన చేతిలోని కప్పును రెండు వేళ్లతో మెల్లగా ఆయన వైపే నెట్టింది.

"తాగు జర."

ఆమె కోసం కాచిన చాయ్. ఆయన దాన్ని కింద పెట్టాడు. పెట్టే ముందు కప్పుతో సహా చెయ్యి ఒక్క క్షణం పైకి లేచింది, గోడ వైపు. అరుణమ్మ దాన్ని చూసింది. ఆమె చూసిందని ఆయనా చూశాడు. చొక్కా మార్చుకుని బయటికి వచ్చి, ఎల్‌బీ నగర్ స్టేషన్‌లో మెట్రో ఎక్కేవరకూ ఆ చేతిని జేబులోంచి తియ్యలేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో దిగితే ఎప్పటిలాగే గాజుల బండ్లు, కోచింగ్ సెంటర్ల బోర్డులు, ఒకరినొకరు తోసుకునే జనం. ఆ రద్దీలో తనను చూసి ఎవరూ తప్పుకోలేదు. ఆయనకు అది కాస్త హాయిగా అనిపించింది. ఇక్కడ ఎవరికీ తాను తెలియదు.

వియ్యంకుడు శ్రీరామమూర్తి తలుపు తీశాడు. తెనాలి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి, బడిపంతులుగా రిటైరయ్యాడు.

"రండి రండి బావగారూ! ఒక్క ఫోన్ కొడితే నేనే స్టేషన్‌కి వచ్చేవాణ్ని కదండీ. కూర్చోండి. మా ఆవిడ బజారుకెళ్లింది. ఫ్యాన్ పెంచమంటారా?"

ఇంటావిడకు బాగుండలేదని కదా రోహిణి వచ్చింది? ఆయన ఆ మాట అడగలేదు. శ్రీరామమూర్తికి మాత్రం నాలుక జారిందని తెలిసినట్టుంది, ఫ్యాను రెగ్యులేటర్ దగ్గర అవసరానికి మించి నిలబడ్డాడు.

రోహిణి లోపలి గదిలోంచి వచ్చింది. "బాగున్నారా మావయ్యా? అత్తయ్య రాలేదా?" అంటూనే, జవాబు కోసం ఆగకుండా వంటింట్లోకి వెళ్లింది. నీళ్లు పట్టిన చప్పుడు. పొయ్యి వెలిగిన చప్పుడు. సీసా మూత.

"చాయ్ వద్దమ్మా," అన్నాడు రామచంద్రం.

"అదేంటండీ, ఎండన పడి వచ్చారు," అన్నాడు శ్రీరామమూర్తి.

"వద్దు బావా. రోహిణీ, జర ఇటు రా. చాయ్ లేకుంట చెప్పు."

పొయ్యి కట్టేసిన టిక్కు వినపడింది. రోహిణి వచ్చి కుర్చీ వెనక నిలబడి, దాని వీపు మీద రెండు చేతులూ వేసింది. ఆమెకు అర్థమైంది. మెడ వరకూ ఎర్రబడింది.

"అత్తయ్య చెప్పారా?"

"చెప్పింది. నువ్వు గూడ చెప్పు."

"మూడో నెల మావయ్యా."

"సంతోషం తల్లీ."

ఆ రెండు మాటలూ సరిగ్గానే వచ్చాయి. ఆమె కొద్దిగా ధైర్యం తెచ్చుకుంది.

"మేం ఇటువైపే ఉందామనుకున్నాం. మీమీద కోపం కాదండీ. మొన్న కింద వాటా వాళ్ల సింధూర సైకిల్ మెట్ల దగ్గర పెట్టింది చూడండి..."

సైకిల్ ఆయనకు గుర్తుంది. గులాబీ రంగు, ముందు చక్రం దారికి అడ్డంగా తిరిగి ఉంది. అరిచినట్టు కూడా గుర్తుంది. పిల్ల గుర్తులేదు.

"మీరు అరుస్తుంటే ఆ పిల్ల రెండు చెవులూ మూసుకుని మెట్టు మీదే కూర్చుండిపోయింది. మీరు తనని దాటుకుని పైకి వచ్చారు. నేను చూస్తూనే ఉన్నాను. చూసి ఏం చేశానో తెలుసా మావయ్యా? వంటింట్లోకి వెళ్లి మీకు నీళ్లు పెట్టాను. పూలు వేసి మూత పెట్టాక అనిపించింది, నేను ఆ పిల్ల దగ్గరికి కదా వెళ్లాల్సింది, ఇక్కడికెందుకు వచ్చాను అని. నాకు చాలా సిగ్గేసింది. రేపు నాకు పుట్టేది కూడా మెట్ల మీద కూర్చుంటే, నేను వంటింట్లోకే వెళ్తానేమోనని భయమేసింది."

శ్రీరామమూర్తి, "అమ్మాయ్..." అంటూ కూతురి వైపు ఒక అడుగు వేశాడు.

రామచంద్రానికి చెవులు వేడెక్కాయి. అది కోపం వచ్చే దారి. ఇన్నేళ్లలో ఆ దారిలో ముందుగా నడిచి వచ్చేదెవరో ఆయన ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు చూశాడు. ముందు సిగ్గే వస్తోంది. దాన్ని ఒక్క నిమిషం కూడా భరించలేక, తాను దాన్ని కోపం చేసి ఎవరో ఒకరి మీదికి తోసేస్తున్నాడు. పడిపోయిన ప్రహరీ, గీత పడ్డ కారు, పోయిన గొలుసు, అన్నీ అంతేనేమో. తెలిసినంత మాత్రాన వేడి తగ్గలేదు. ఆయన కుర్చీ చేతులు పట్టుకున్నాడు.

బయట బండి ఆగింది. నవీన్ గడప దగ్గరికి వచ్చి, విడిచి ఉన్న చెప్పులను చూసి ఆగిపోయాడు. భుజాన బ్యాగు అలాగే ఉంది. తండ్రి ముఖం చూడలేదు, ముందు చేతులు చూశాడు. తర్వాత భార్య వైపు తిరిగి లోగొంతుతో అడిగాడు.

"తాగిండా?"

"లేదు," అంది రోహిణి.

నవీన్ లోపలికి రాలేదు. గడపకవతలే నిలబడ్డాడు.

రామచంద్రం చెప్పదలచుకున్నది చాలా చిన్నది. మీరు ఈడ్నే ఉండుండ్రి, నాకు మనసుల ఏం లేదు, అప్పుడప్పుడు నేనే ఒచ్చి పోత అని. మాటలు నోట్లో సిద్ధంగా ఉన్నాయి, మంచి మాటలే. నోరు తెరిచాడు.

"ఈడ్నే ఉండుండ్రి!"

హద్దురాళ్ల దగ్గర వినపడే గొంతు అది. చిన్న హాలు, గోడలు దగ్గరగా ఉన్నాయి. శ్రీరామమూర్తి భుజాలు ఒక్కసారి బిగుసుకున్నాయి. రోహిణి చేతులు కుర్చీ వదిలి పొట్ట మీదికి వెళ్లాయి. ఆమె కావాలని చెయ్యలేదు. చేతులు వాటంతటవే వెళ్లాయి. పక్కింట్లో ఎవరో టీవీ చప్పుడు తగ్గించి చెవి ఒగ్గారు.

ఆయన తన గొంతును బయటి నుంచి విన్నాడు. అది గోడకు తగిలి, తిరిగొచ్చి, ఆయన్నే కొట్టింది. ఎవరి ముఖమూ చూడలేక తల దించుకున్నాడు. ఎదురుగా పాలరాయి గచ్చు, దానిమీద తన పాదాలు.

మళ్లీ చెప్పాడు. ఈసారి మెల్లగా. మెల్లగా మాట్లాడడం ఆయనకు అలవాటు లేదు. గొంతు ఎక్కడ పట్టుకోవాలో తెలియక, గాలి ఎక్కువగా, మాట తక్కువగా వచ్చింది. అది గదిలో సగం దూరం కూడా వెళ్లలేదు.

"ఏందీ?" అన్నాడు నవీన్ గడప దగ్గర్నుంచి.

ఆయన ఇంకోసారి అన్నాడు.

"ఇనవడ్తలేదు నాయినా."

బ్యాగు కింద పెట్టిన చప్పుడు వినిపించింది. బూట్లు విప్పిన చప్పుడు వినిపించింది. మేజోళ్ల పాదాలు గచ్చు మీద నడిచి వచ్చి కుర్చీ పక్కన ఆగాయి. నవీన్ వంగి చెవి దగ్గరగా పెట్టాడు. ఇంతవరకూ ఆ కొడుకు తండ్రి నోటికి అంత దగ్గరగా తల పెట్టిన జ్ఞాపకం ఆయనకు లేదు.

రామచంద్రం తలెత్తకుండానే ఆ మాట మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.